దువ్వెన పళ్ళు ఎటు?

జూన్ రెండో వారం.
బంగారుపాళెం మండీకి పోయే మామిడికాయల లారీ
మా బడి గోడ పక్కన గేరు మార్చినప్పుడల్లా
ఒకటో తరగతి మొత్తం కిటికీ వైపు తిరుగుతుంది.
ఆ రోజు మటుకు ఎవరూ తిరగలేదు.
కంటి పరీక్షల రెడ్డెప్ప సారు వచ్చినాడు,
మోపెడ్ వెనక అట్టపెట్టె కట్టుకొని.

గది పొడవు చాల్లేదు.
టేపు పట్టుకొని వరండా చివరిదాకా నడిచి
అన్నం వండే గది గడప దగ్గర
సుద్దముక్కతో గీత గీసినాడు.
"దీని మీద నిలబడాల. దాటితే ఒప్పుకోను."
అక్షరాలు రాని పిల్లోళ్ళకు
ఆయన దగ్గర ఉండేది ఒకటే బొమ్మ,
మూడు పళ్ళ నల్ల దువ్వెన.
పైకి చూస్తుంది, కిందికి చూస్తుంది,
ఈ పక్కకో ఆ పక్కకో తిరుగుతుంది.
"పళ్ళు ఎటుండాయో చేత్తో చూపించు, అంతే."

"పేన్ల దువ్వెనా సార్ అది?" అన్నాడొకడు.
యశ్వంతు చేయి ఎత్తకముందే నోటితో అరిచినాడు,
ఆ అరుపు వరసంతా అంటుకుంది.
చరిష్మ భయానికి రెండు చేతులూ చూపించింది.
నా పని, అట్టముక్కతో
ఒక్కో కన్నూ మూసి పట్టుకోవడం.

లోహిత వంతు.
కుడికన్ను మూస్తే
అడుగు వరసలో చీమంత దువ్వెన దాకా
చకచకా చూపించేసింది.
ఎడమకన్ను మూయబోతే
నా మణికట్టు పట్టుకొని కిందికి లాగింది.
మళ్ళీ మూసినా. మళ్ళీ లాగింది.
"మొండిది సార్ ఇది" అన్నా.
బంతి విసిరితే చేతుల మధ్య నుంచి జారినప్పుడు,
చెంబులో నీళ్ళు గ్లాసు బయట పోసినప్పుడు,
వారంగా అంటున్న మాటే.

"మొండితనం కాదు మేడం. గట్టిగా మూయండి."

అప్పుడు చెప్పింది పిల్ల.
పైకి. కిందికి. ఆ పక్కకి. పైకి.
అన్నీ సరే.
చూసినారా అన్నట్టు నవ్వినా.
ఆయన ఏమీ అనకుండా
అట్టను తలకిందులు చేసి పట్టుకున్నాడు.
పైకి. కిందికి. ఆ పక్కకి. పైకి.
అదే గొంతు, అదే వరస.
ముందు నిలబడిన పద్నాలుగు మంది నోట
విని విని
ఎక్కాల మాదిరి కంఠతా పట్టింది.

పప్పు పొంగి పొయ్యిలో పడిన వాసన.
దొరసానమ్మ గరిటె పట్టుకొని
గడపలోనే నిలబడిపోయింది.

ఐదేళ్ళు
ఒక కంటితోనే లోకమంతా సరిపెట్టుకుంది.
ఇంట్లో ఎవరికీ తెలీదు.
దానికీ తెలీదు,
అందరికీ ఇంతేనేమో అనుకుంది.

సాయంత్రం వాళ్ళవ్వ చెంగమ్మ వచ్చింది,
కాయలు ఏరిన చేతుల నిండా సొన మరకలు.
చిత్తూరు పెద్దాసుపత్రికి చీటీ ఇచ్చినాం.
అద్దాలిస్తారు, ఆ తర్వాత
మంచి కన్నుకు రోజూ కొన్ని గంటలు పట్టీ వేస్తారని చెప్పినా.
"బాగుండే కన్ను మూసేదేంది మే?
పనిచేసే ఎద్దును కట్టేసి
కుంటెద్దును కాడికి కడతారా యాడైనా?"
నాకు జవాబు తోచలేదు.
రెడ్డెప్ప సారే అన్నాడు, బండి స్టాండు తీస్తా:
"పనంతా అదే చేస్తా ఉంటే ఇది నిద్రపోయింది అవ్వా.
దాన్ని రవంతసేపు ఊరకుండమంటే ఇది లేస్తుంది.
ఐదేండ్లు గాబట్టి ఆశ ఉండాది.
ఇంకా పెద్దయినాక వచ్చింటే..."
మిగతా మాట
కిక్కు కొట్టిన శబ్దంలో కలిసిపోయింది.

రాత్రి హాజరు పట్టీ తెరిచి కూర్చున్నా.
ఇరవైమూడు పేర్లు.
ప్రశ్న అడగ్గానే యశ్వంతు వైపే తిరిగే నా మొహం,
వాడు చెప్తే తరగతికంతా వచ్చినట్టే
టిక్కు పెట్టే నా పెన్ను.
వెనక వరసలో ఎంతమంది
వాడి నోట విని నాకు అప్పజెప్పినారో.
పంతొమ్మిదేళ్ళ సర్వీసు.
అట్టను తిప్పి చూద్దామని
ఒక్కరోజూ తట్టలేదు.

చెంగమ్మ బుధవారం పోతానంది.
ఆ రోజు కూలి పోతుంది.
పోతుందో లేదో.

పొద్దున లోహిత అందరికన్నా ముందొచ్చింది.
గేటు దగ్గర నిలబడి
ఎడమకన్ను తన అరచేత్తో తానే మూసుకొని
రోడ్డు వైపు తిరిగింది.
"టీచర్, లారీ పోతా ఉండాది గదా?"
"కనపడతా ఉండాదా?"
"లేదు. వాసనొస్తా ఉండాది."